కందా బచ్చలీ వండాకే మిక్సీ కొను

ఒరే అల్లుడూ,

నిన్న ఫోన్లో మిక్సీ, ఇండక్షన్ స్టవ్, ఎయిర్ ఫ్రయర్ అని మూడూ గడగడా చెప్పేసి "ఏది కొనమంటావు అత్తా?" అన్నావు. రాత్రి ఏం తిన్నావురా అంటే మాత్రం మాట దాటేశావు. ఒడిశాలో, ఆ గునుపూర్‌లో ఒక్క గదిలో ఇద్దరు కుర్రాళ్ళు వండుకోవడానికి అంత టెన్షన్ అక్కర్లేదు. ముందు ఒక్క కూర బాగా చెయ్యి. ఏ సామాను కావాలో ఆ కూరే చెప్తుంది.

కందా బచ్చలీ చెయ్యి, ఆవ పెట్టి. సంతలో కందని ఒడియాలో ఓలుఅ అని అడుగు, బచ్చలిని పోయి అని అడుగు. పొయ్యి కాదు, పోయి! నేను పర్లాకిమిడికి కాపురానికి వచ్చిన కొత్తలో పక్కింటావిడ ఇవాళ సారు వండానంటే, చారేమో అనుకుని గ్లాసు పట్టుకెళ్ళాను. వాళ్ళ సారు మన చేమదుంప. ఆవిడ నవ్వుతూ ఆ గ్లాసులోనే నాలుగు ముక్కలు వేసి పంపింది.

పావుకిలో కంద, ఒక కట్ట బచ్చలి ఇద్దరికి చాలు. కంద తరిగే ముందు చేతులకి నూనె రాసుకో, తడి చేత్తో ముట్టుకోకు, దురద పుడుతుంది. చెక్కు మందంగా తీసి, ముక్కలు కోసి, పల్చటి చింతపండు నీళ్ళలో కడిగి, పసుపు వేసి కుక్కర్లో పెట్టు. ముక్కలు సగం మునిగేలా నీళ్ళు పోస్తే చాలు. రెండు విజిల్స్. ముక్క వేలితో నొక్కితే మెదగాలి. చింతపండు నిమ్మకాయంత నానబెట్టు, అది తగ్గిస్తే గొంతు గీరుతుంది. మూకుట్లో శనగపప్పు, మినప్పప్పు, ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు పోపు వేసి, తరిగిన బచ్చలి అందులో మగ్గనిచ్చి, కంద, పులుసు, ఉప్పు, కాస్త బెల్లం వేసి దగ్గరపడనివ్వు.

ఇక ఆవ. కూరంతా దీని మీదే ఉంది. ఒక టీస్పూను ఆవాలు, రెండు ఎండుమిరపకాయలు పది నిమిషాలు చన్నీళ్ళలో నానబెట్టి, చిటికెడు ఉప్పు వేసి నూరు. చన్నీళ్ళే, వేడినీళ్ళు కాదు. ఆవ ఘాటు తడి తగిలి నలిగినప్పుడు పుడుతుంది, వేడి తగిలితే చచ్చిపోతుంది. అందుకే పొయ్యి కట్టేసి, కూర ఆవిరి కాస్త తగ్గాక కలపాలి. ఇక్కడ ఒడియా వాళ్ళు బేసర చేస్తారు. అందులోనూ ఆవ ముద్దే, ఇళ్ళల్లో వెల్లుల్లి కూడా వేసి నూరతారు, కూరతోపాటు ఉడకనిస్తారు. ఆ రుచి వేరు. దాన్ని చూసి నువ్వు మన ఆవ ఉడకబెట్టేయకు.

మిక్సీ సంగతి ఇక్కడే వస్తుంది. రెండేళ్ళ కిందట కొట్టువాడి మాట విని 1000 వాట్ల మిషను తెచ్చాను. చట్నీ జార్ అని ఇచ్చిందే చిన్న చెంబంత ఉంది. చెంచాడు ఆవాలు వేస్తే ఎగిరి గోడలకి అంటుకున్నాయి, బ్లేడు ఉత్తినే తిరిగింది. మూత తీయడం, స్పూనుతో కిందికి తోయడం, మళ్ళీ తిప్పడం. నాలుగోసారికి జార్ అడుగు వేడెక్కింది, ముద్ద చేదెక్కింది. ఆ పూట పెరుగన్నమే తిన్నాం. కాబట్టి వాట్లు ఎన్నని కాదు, చిన్న జార్ ఎంత చిన్నదని అడుగు. 300, 400 మిల్లీలీటర్లది, బ్లేడు అడుక్కి దగ్గరగా ఉండాలి. మీ ఇద్దరికీ 500 వాట్లు చాలు, రోజూ దోసెల పిండి రుబ్బుతానంటే 750 తీసుకో. జార్ కింద తిరిగే కప్లర్ అరిగితే మీ ఊళ్ళోనే దొరుకుతుందా అని కొనే ముందే కనుక్కో. నడుస్తూ నడుస్తూ ఆగిపోతే కంగారుపడకు. చాలా మిక్సీలకి అడుగున ఎర్ర బటన్ ఉంటుంది. లోడు ఎక్కువైతే అదే ఆపేస్తుంది. ప్లగ్ తీసి, చల్లారాక నొక్కు. ఆవ మాత్రం ఒక్కో తిప్పు తిప్పి ఆపుతూ నూరు.

కుక్కర్ మూడు లీటర్లది. ఐ.ఎస్.ఐ. మార్కుతోపాటు దాని కింద ఉండే సి.ఎం./ఎల్. నంబరు, అంటే లైసెన్సు నంబరు చూడు, ఆ నంబరు బి.ఐ.ఎస్. కేర్ యాప్‌లో కొడితే అసలుదో కాదో తెలుస్తుంది. ఇండక్షన్ కొనేట్టయితే కుక్కర్ అడుక్కి అయస్కాంతం పెట్టి చూడు, అంటుకోకపోతే ఆ స్టవ్ మీద పనికిరాదు. 2000 వాట్లంటే దాదాపు తొమ్మిది ఆంపియర్లు లాగుతుంది. ఫోన్ చార్జర్ పెట్టే చిన్న ప్లగ్గు ఆరు ఆంపియర్లదే. గదిలో 16 ఆంపియర్ల పెద్ద ప్లగ్గు లేకపోతే ఇంటివాళ్ళని అడిగి పెట్టించుకో, లేదా ఊరుకో. వైరు కాలిన వాసన వచ్చాక అడిగితే వాళ్ళు నిన్నే తిడతారు. కరెంటు పోయినప్పుడు ఎలాగూ గ్యాసే దిక్కు.

ఎయిర్ ఫ్రయరా? బెండకాయ వేపుడుకి ఇనప మూకుడు చాలదట్రా?

దసరాకి రైలెక్కి రా. మా పాత మిక్సీ చట్నీ జార్ ఇస్తాను, ఆవకి దాన్ని మించింది లేదు. నువ్వు కొనేది అదే రకమైతేనే కూర్చుంటుంది, అందుకని మోడల్ ఫొటో ముందే పంపు. మూత రబ్బరు పోయింది, వచ్చేటప్పుడు అది కొనుక్కుని రా.

మీ అత్త