పాఠకుల ప్రశ్నలు: అరటిపండు దొంగా, మాఫియా డానా?

ప్రశ్న: గ్యాంగ్‌స్టర్లు ఒకరనుకుని ఇంకొకరి వెంటపడే కామెడీ, రక్తపాతం పెద్దగా లేనిది, ఏదైనా చెప్పండి. (తెనాలి పాఠకురాలు)

జవాబు: ఇటలీ సినిమా 'జానీ స్టెక్కీనో' చూడండి. 1991లో వచ్చింది. రాబెర్టో బెనీనీ డైరెక్ట్ చేసి రెండు వేషాలూ తనే వేశాడు. చెజేనా ఊళ్లో స్కూల్ బస్సు నడుపుకునే అమాయకుడు డాంటే ఒకడు, నోట్లో పంటిపుల్లతో సిసిలీ దీవిలో ఓ ఇంట్లో దాక్కున్న మాఫియా నాయకుడు జానీ ఇంకొకడు. జానీ భార్య మరియా డాంటేని చూసి, అచ్చం మొగుడిలాగే ఉన్నాడే అని ఆశ్చర్యపోయి, ప్రేమగా మాట్లాడి సిసిలీలోని పలెర్మో నగరానికి రప్పిస్తుంది. జానీ అనుకుని శత్రువులు ఇతన్ని చంపేస్తే అసలువాడు హాయిగా దేశం దాటేయొచ్చన్నది ప్లాను.

డాంటేకి ఓ చిన్న దురలవాటు ఉంది, అరటిపండ్లు కొట్టేస్తాడు. పలెర్మోలోనూ ఒకటి కొట్టేస్తాడు, తర్వాత తుపాకులు పేలతాయి, ఇక అతని బుర్రలో ఒకటే లెక్క: ఈ ఊళ్లో అరటిపండు తీసుకున్నా చంపేస్తారన్నమాట! తర్వాత జనం ఎంత కోపంగా చూసినా, ఎన్ని తిట్టినా అతనికి గుర్తొచ్చేది ఆ పండే. నాకు ఈ సినిమాలో అన్నిటికన్నా నచ్చింది ఇదే, ఎందుకంటే అతను జానీనని చెప్పి ఎవరినీ మోసం చెయ్యడు, నిజమే చెబుతుంటాడు, వినేవాళ్లే దాన్ని జానీ మాటగా అర్థం చేసుకుంటారు. పసిపిల్లలతో మాత్రం వద్దండీ, కొకైన్ ప్రస్తావన, పెద్దలకి మాత్రమే తగిన మాటలు ఉన్నాయి.

ప్రశ్న: ఇలాంటి కథలు మనకి కొత్తా? 'యుగంధర్' చూడలేదా మనం? (వరంగల్ పాఠకుడు)

జవాబు: చూశాం, 1979లో ఎన్టీఆర్ చేశారు, హిందీ 'డాన్'కి రీమేక్. కానీ తేడా ఉంది. అందులో పోలీసు అధికారే మామూలు మనిషిని డాన్‌లా తయారుచేసి ముఠాలోకి పంపిస్తాడు, అంటే తను ఎవరి వేషంలో ఉన్నాడో హీరోకి తెలుసు, దొరికిపోతాడేమోనన్న టెన్షన్ మనది. డాంటేకి ఆ సంగతే తెలియదు కాబట్టి భయం లేకుండా తిరుగుతాడు, అతని తరఫున భయపడేది మనమే. అతనితో ఫైట్లు చేయించి హీరోని చెయ్యకపోవడమే ఈ సినిమా మృదుత్వం అని నా అభిప్రాయం.

ప్రశ్న: మాఫియా చేతిలో జనం నిజంగా చచ్చిపోతుంటే దాని మీద నవ్వించడం తప్పు కాదా? (విజయనగరం పాఠకుడు)

జవాబు: మంచి ప్రశ్న వేశారు, ఎందుకంటే ఆ సినిమా వచ్చిన సమయం చాలా చెడ్డది. పలెర్మోలో లిబెరో గ్రాస్సీ అనే బట్టల ఫ్యాక్టరీ యజమాని, మాఫియాకి మామూళ్లు ఇవ్వనని 1991 జనవరిలో పత్రికలో బహిరంగంగా లేఖ రాశాడు. ఆగస్టు 29న ఇంటి దగ్గరే కాల్చి చంపారు. సినిమా విడుదలైంది ఆ అక్టోబరులో. మరుసటి ఏడాది మే 23న మాఫియా మీద పోరాడుతున్న న్యాయాధికారి జొవాన్నీ ఫాల్కోనేని, జులై 19న ఆయన సహచరుడు పావ్లో బోర్సెల్లీనోని బాంబులతో చంపేశారు.

ఇప్పుడు సినిమాలో ఒక సీను చెబుతాను. పలెర్మోలో డాంటేని కారులో తీసుకెళ్తున్న పెద్దమనిషి, సిసిలీని పట్టి పీడిస్తున్నవి మూడున్నాయి అంటాడు. మొదటిది ఎట్నా అగ్నిపర్వతం, రెండోది కరువు, మూడోది, చెప్పడానికే సిగ్గుపడుతున్నట్టు ముఖం పెట్టి, ట్రాఫిక్! హాలంతా నవ్వేది అతను మాఫియా పేరెత్తనందుకే. అందరికీ తెలిసిన సంగతిని ఎవరూ పైకి అనకపోవడాన్ని బెనీనీ అంత తేలిగ్గా పట్టుకున్నాడు. హంతకుల్ని అందంగా చూపించలేదు కూడా, జానీ పిరికివాడు, స్వార్థపరుడు, తన ప్రాణం కోసం ఎవరో ముక్కూముఖం తెలియని డ్రైవర్ చావుకి సిద్ధపడ్డవాడు. అందుకే నాకిది తప్పనిపించలేదు, పైగా ఆ రోజుల్లో అలా తియ్యడానికి ధైర్యం కావాలనిపించింది.

ప్రశ్న: ఈయనేనా 'లైఫ్ ఈజ్ బ్యూటిఫుల్' హీరో? (డల్లాస్ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: ఆయనేనండీ. ఆ సినిమాకి 1999 ఆస్కార్ వేడుకలో ఉత్తమ నటుడి అవార్డు తీసుకున్నాడు. అందులో భార్యగా, ఇందులో మరియాగా చేసిన నికొలెట్టా బ్రాస్కీ నిజజీవితంలోనూ ఆయన భార్యే, ఆవిడ సొంత ఊరు చెజేనా. ఇది నచ్చితే 1994లో ఆయన తీసిన 'ఇల్ మోస్ట్రో' కూడా చూడండి, అందులో ఓ అమాయకుణ్ణి పోలీసులు వరుస హత్యల హంతకుడనుకుంటారు.