జార్జియా మీద పరిశోధన, ఉద్యోగం మాటేమిటి?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో ఎంఏ పొలిటికల్ సైన్స్ చివరి ఏడాది చదువుతోంది. విదేశీ సాయంతో జార్జియాలో జరిగిన పరిపాలనా సంస్కరణల మీద డిసర్టేషన్ రాస్తోంది. చదువయ్యాక ఏదైనా అంతర్జాతీయ సంస్థలో చేరి అక్కడే పనిచేస్తానంటోంది. జార్జియా అంటే మాకు తెలిసింది ఎంబీబీఎస్‌కి వెళ్లే పిల్లలే. ఇందులో భవిష్యత్తు ఉందా?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: అమ్మాయి ఎంచుకున్న అంశం బాగుంది. టెన్షన్ పడాల్సింది ‘అక్కడే పనిచేస్తాను’ అన్న మాట గురించే.

జార్జియా ఒకప్పుడు సోవియట్ యూనియన్‌లో ఉన్న చిన్న దేశం. 2003 నవంబరులో ‘గులాబీ విప్లవం’ అని పేరుపడ్డ ప్రజా నిరసనలతో అక్కడి అధ్యక్షుడు షెవర్ద్‌నాద్జే గద్దె దిగాడు. ఆ రోజుల్లో అక్కడ ట్రాఫిక్ పోలీసు చెయ్యి తడపకుండా బండి ముందుకు సాగేది కాదు. కొత్తగా వచ్చిన సాకాష్విలీ ప్రభుత్వం ట్రాఫిక్ పోలీసు విభాగాన్నే రద్దు చేసి దాదాపు 16 వేల మందిని ఇంటికి పంపింది. ఖజానాలో డబ్బు లేదు. మంత్రులు, పై అధికారులు లంచాల వైపు చూడకుండా వాళ్ల జీతాలకు కొంతకాలం ఐక్యరాజ్యసమితి అభివృద్ధి విభాగం యూఎన్‌డీపీ, అమెరికా కుబేరుడు జార్జ్ సోరోస్ పెట్టిన సోరోస్ ఫౌండేషన్ అదనంగా డబ్బు కలిపాయి. మంత్రి జీతంలో బయటివాళ్ల డబ్బేమిటని మీకు అనిపించిందా? డిసర్టేషన్‌కి అసలు ప్రశ్న అదే. 2010 చివరికల్లా ప్రభుత్వ టెండర్లన్నీ ఆన్‌లైన్‌లోకి వెళ్లాయి. మరుసటి ఏడాది నుంచి పాస్‌పోర్టు మొదలు ఆస్తి రిజిస్ట్రేషన్ దాకా అన్నీ ఒకేచోట చేసిపెట్టే కేంద్రాలు తెరిచారు. మన ఈ-సేవ లాంటివే, కాకపోతే అద్దాల భవనాల్లో.

ఇప్పుడు గాలి మారింది. విదేశీ నిధులు 20 శాతం దాటిన స్వచ్ఛంద, మీడియా సంస్థలు ప్రత్యేకంగా నమోదు చేసుకోవాలని 2024 మేలో చట్టం చేశారు. రాజధాని త్బిలిసి వీధులు నిరసనలతో నిండిపోయినా ప్రభుత్వం వెనక్కి తగ్గలేదు. 2025 ఏప్రిల్‌లో విదేశీ గ్రాంటు తీసుకోవాలంటే ప్రభుత్వ అనుమతి ఉండాలన్నారు. అదే ఏడాది విదేశాలకు సాయం పంచే అమెరికా ప్రభుత్వ సంస్థ యూఎస్‌ఎయిడ్ మూతపడింది. అంటే ఇచ్చేవాళ్లు తగ్గారు, పుచ్చుకోవడమూ కష్టమైంది.

ఈ రంగంలో ఉద్యోగం ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే. పెళ్లి సంబంధాలవాళ్లు ‘పర్మనెంటేనా?’ అని అడిగితే చెప్పడానికి మీ దగ్గర జవాబు ఉండదు. పైగా చాలా పోస్టులు జార్జియన్ భాష వచ్చిన స్థానికులకే వెళ్తాయి. బయటివాళ్లను తీసుకునేవి కొద్ది, వాటికి కొన్నేళ్ల అనుభవం అడుగుతారు. ఎంఏ పట్టాతో నేరుగా దొరికేవి కావు.

అలాగని అంశం మార్చమనకండి. దాంతోపాటు ఏ దేశంలోనైనా పనికొచ్చే విద్య ఒకటి చేతిలో ఉండాలి: ప్రభుత్వ బడ్జెట్, కొనుగోళ్లు, ఆడిట్, వీటి లెక్కలు చదవగల డేటా నైపుణ్యం. సంస్కరణ అని పెద్దగా చెప్పుకునేదంతా చివరికి ఒక టెండరు షరతు దగ్గరో, ఒక ఆడిట్ పేరా దగ్గరో తేలుతుంది. అది చదవగలిగినవాళ్లకు జార్జియా కాకపోతే అలాంటిదే మరో చిన్న దేశం మాల్డోవా, అదీ కాకపోతే మన సచివాలయం. మధ్య ఆసియా మీద కూడా ఆసక్తి ఉంటే రష్యన్ నేర్చుకోమనండి, హైదరాబాద్‌లోనే భాషల యూనివర్సిటీ ఇఫ్లూలో చెబుతారు. దేశాలకు అభివృద్ధి రుణాలిచ్చే బ్యాంకులు ఏడీబీ (ఆసియా), ఈబీఆర్‌డీ (యూరప్) రెండింట్లోనూ భారత్ సభ్యదేశం. అనుభవం వచ్చాక అక్కడ దరఖాస్తు చేసుకోవచ్చు.

అన్నట్టు, ఇలాంటి ప్రయోగం మన ఊళ్లోనూ జరిగింది. 2001లో హైదరాబాద్‌లో పరిపాలనా సంస్కరణల కోసం సెంటర్ ఫర్ గుడ్ గవర్నెన్స్ అనే సంస్థ పెట్టినప్పుడు బ్రిటన్ సాయం అందింది. నా దగ్గరికి వచ్చే పిల్లలు త్బిలిసి గురించి గడగడా చెబుతారు, దీని పేరెత్తితే బిక్కమొహం వేస్తారు. అమ్మాయిని ముందు అక్కడ ఇంటర్న్‌షిప్‌కి అడిగి చూడమనండి. వాళ్లు కాదంటే ఉపాధి హామీ సోషల్ ఆడిట్ చేసేవాళ్లతో ఓ నెల గ్రామాల్లో తిరగనివ్వండి. ఖమ్మంలోనే తిరగొచ్చు, రోజూ ఇంటి భోజనమే.