తోటను విడిదిగా మార్చండి, అత్యవసర నిధిని మాత్రం కదపకండి

వికారాబాద్ దగ్గర మీ నాన్నగారి పేరిట ఉన్న ఆరెకరాల మామిడి తోటలో మట్టి గోడల కుటీరాలు ఆరు కట్టి, సోలార్ పలకలు, వాన నీటి కుంట, పురుగుమందులు లేని సాగుతో పల్లె విడిదిగా తీర్చిదిద్దాలని ఉందని రాశారు. అందుకోసం హైదరాబాద్‌లో మీరుంటున్న ఫ్లాటును తనఖా పెట్టి 60 లక్షలు, పర్సనల్ లోన్‌గా మరో 10 లక్షలు తెస్తామన్నారు. ఆరు నెలల్లో ఉద్యోగం మానేస్తానని చెబుతూ, ‘12 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఊరికే పడి ఉంది, దాన్ని రద్దు చేసుకుని సోలార్‌కు, కుంటకు వాడితే ఆ మేరకు అప్పు తగ్గుతుంది కదా’ అని అడిగారు.

ఆ చివరి ప్రశ్న కోసమే మీ ఉత్తరాన్ని ఎంచుకున్నాను. సొంత వ్యాపారం మొదలుపెట్టే మధ్యతరగతి కుటుంబాలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. కష్టకాలానికి దాచిన డబ్బును పనిలేని డబ్బుగా భావించి పెట్టుబడిలో కలిపేస్తారు, రాబడి మొదలయ్యాక మళ్లీ పూడ్చుకోవచ్చనుకుంటారు. రాబడి ఆలస్యమైన మొదటి నెలలోనే బంగారం తాకట్టుకు వెళుతుంది.

మీ అంకెలనే చూద్దాం. తనఖా రుణానికి 10.5 శాతం వడ్డీతో పదేళ్లు, పర్సనల్ లోన్‌కు 14 శాతంతో అయిదేళ్లు అనుకుంటే రెండు వాయిదాలూ కలిపి నెలకు సుమారు 1,04,000 రూపాయలు అవుతాయి. మీ ఇంటి ఖర్చు 75,000. ఆరు కుటీరాలూ వారాంతపు ఎనిమిది రాత్రుల్లో 60 శాతం నిండి, రాత్రికి 4,000 చొప్పున వచ్చినా వసూలు సుమారు 1,15,000 మాత్రమే. అందులో రెండు పనివాళ్ల కుటుంబాల జీతాలు, వంట సరుకులు, కరెంటు, బుకింగ్ సంస్థల కమిషన్ పోగా 45,000 మిగిలితే గొప్ప. మీ శ్రీమతి గారి జీతం 35,000 కలిపినా నెలనెలా దాదాపు లక్ష రూపాయలు తక్కువ పడుతుంది.

పైగా ఇది మంచి నెల లెక్క. అనంతగిరి కొండలు పచ్చబడేది వానలు పడ్డాకే, హైదరాబాద్ జనం అటు ఎక్కువగా వచ్చేది అప్పటి నుంచి చలికాలం వరకు. ఏప్రిల్, మే ఎండల్లో గదులు ఖాళీగా ఉంటాయి, అప్పుడే బోరు అడుగంటి ట్యాంకర్లు తెప్పించాల్సి వస్తుంది. మీరు ముచ్చటపడుతున్న తాటాకు కప్పును రెండు మూడేళ్లకోసారి మార్చాలి, ఆ పని కూడా వానలకు ముందే, అంటే చేతిలో డబ్బు ఆడని ఆ నెలల్లోనే పడుతుంది.

అందుకే మీకు రెండు నిధులు కావాలి. ఇంటికి ఏడాది ఖర్చు, అంటే 9 లక్షలు. అతిథులు ఒక్కరూ రాకపోయినా ఆగని జీతాలు, కరెంటు, పశువుల మేతకు నెలకు 50,000 చొప్పున ఆరు నెలలకు 3 లక్షలు. మొత్తం 12 లక్షలు. ఊరికే పడి ఉందని మీరన్న మొత్తం సరిగ్గా ఇదే, అందులో ఒక్క రూపాయి కూడా అదనం కాదు. పైన చెప్పిన అప్పు కూడా తీసుకుంటే, ఏడాది వాయిదాలకు మరో పన్నెండున్నర లక్షలు ముందే పక్కన ఉండాలి. అవి మీ దగ్గర లేవు. 2020 లాక్‌డౌన్‌లో రిజర్వు బ్యాంకు ఆరు నెలల మారటోరియం (వాయిదాలు కట్టకుండా విరామం) ఇచ్చినప్పుడు కూడా వడ్డీ ఆగలేదన్నది గుర్తుంచుకోండి.

ఇంక ఆ అప్పు సంగతి. ఉద్యోగం మానేసే మనిషి, తలదాచుకునే ఫ్లాటును తాకట్టు పెట్టి, ఇంకా ఒక్క అతిథి కూడా రాని వ్యాపారానికి 70 లక్షలు తేవడాన్ని నేను ఏ రూపంలోనూ సమర్థించలేను. తాకట్టు ఆస్తి నుంచి బ్యాంకులు బకాయి రాబట్టుకోవడానికి వాడే సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు కానీ మీ ఫ్లాటుకు వర్తిస్తుంది. వాయిదా 90 రోజులు దాటి బకాయి పడితే ఖాతా మొండి బాకీ అవుతుంది, తర్వాత 60 రోజుల నోటీసు గడువు ముగిస్తే కోర్టులో దావా వేయకుండానే బ్యాంకు ఇంటిని స్వాధీనం చేసుకుని వేలానికి పెట్టగలదు.

తోటలో ఇప్పటికే పెంకుటిల్లు ఉందన్నారు. ఉద్యోగం చేస్తూనే, జీతంలో మిగిలే డబ్బుతో అందులో రెండు గదులు బాగుచేయించి, ఒక ఎండాకాలం, ఒక వానాకాలం వారాంతాల్లో నడిపి చూడండి. భాగస్వాములను చేర్చుకోవడం, ముద్ర రుణం వంటివి ఆ ఏడాది లెక్కలు చేతిలో ఉన్నాక ఆలోచించవచ్చు. నాలా మార్పిడిని, అంటే సాగు భూమిని వ్యవసాయేతర భూమిగా మార్చడాన్ని, గదులు ఉన్న మేరకే చేయించండి, మార్చిన భూమికి రైతు భరోసా రాదు. గదుల అద్దె వ్యవసాయ ఆదాయం కిందికి రాదు కాబట్టి దానిపై ఆదాయపు పన్ను లెక్క విడిగా ఉంటుంది.

ఆఫీసు ఆరోగ్య బీమా రాజీనామాతో పోతుంది. నాన్నగారికి మధుమేహం ఉందన్నారు. ముందునుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్ల వరకు నిరీక్షణ కాలం ఉండవచ్చు కాబట్టి, కుటుంబానికి సొంత పాలసీని ఉద్యోగంలో ఉండగానే, ఈ నెలలోనే తీసుకోండి. డిపాజిట్ మొత్తం ఒకే బ్యాంకులో ఉంటే గడువు తీరగానే మూడు బ్యాంకులకు పంచండి, ఒక్కో బ్యాంకులో డిపాజిట్ బీమా 5 లక్షల వరకే వర్తిస్తుంది.