డంబెల్స్ కొన్నారు సరే, ఆ తర్వాత?

తేలికపాటి బరువులతో వ్యాయామం మొదలుపెట్టడం గురించి పాఠకులు పంపిన ప్రశ్నలకు ఈ వారం జవాబులు.

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. రోజూ అరగంట నడుస్తాను. నడక ఒక్కటే చాలదు, బరువులు కూడా ఎత్తాలని చెబితే 2 కిలోల డంబెల్స్ జత కొన్నాను. నెల నుంచి మంచం కింద ఉన్నాయి. జిమ్‌కి వెళ్లే వీలు లేదు. ఇంట్లో ఏమేం చేయాలి, ఎన్నిసార్లు చేయాలి?
– గృహిణి, తెనాలి

జవాబు: వారానికి రెండు రోజులు చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లోనూ నడక లాంటివి వారానికి కనీసం 150 నిమిషాలు, అది కాక కండరాల బలం కోసం కనీసం రెండు రోజులు అని ఉంది. మంగళవారం, శుక్రవారం అనుకోండి. మధ్యలో కండరాలకు విశ్రాంతి దొరుకుతుంది. నడక మానక్కర్లేదు.

ముందు ఐదు నిమిషాలు ఒంట్లో వేడి పుట్టేలా అటూ ఇటూ నడిచి, భుజాలు తిప్పి, బరువు లేకుండా నాలుగైదు గుంజీళ్లు తీయండి. తర్వాత ఈ ఐదూ చేయండి.

మొదటిది కుర్చీ స్క్వాట్. గట్టి కుర్చీని గోడకు ఆనించి దాని ముందు నిలబడండి. పాదాలు భుజాలంత ఎడం, వేళ్లు కాస్త బయటికి. పిరుదులు వెనక్కి పంపుతూ కూర్చోబోయినట్టు దిగి, కుర్చీకి తగిలీ తగలగానే లేవాలి. కూలబడకూడదు. మోకాళ్లు లోపలికి ఒరుగుతుంటే పాదాల వేళ్ల వైపే ఉండేలా సరిచేసుకోండి.

రెండోది నడుము దగ్గర కాకుండా తుంటి దగ్గర వంగడం. కొత్తవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే, అందుకే కాస్త వివరంగా చెబుతున్నాం. గోడకు వీపు పెట్టి, ఒక జానెడు ముందుకు జరిగి నిలబడండి. చేతుల్లో డంబెల్స్ తొడలకు ఆని ఉండాలి. మోకాళ్లు కొద్దిగా సడలించి, పిరుదులతో గోడను తాకడానికి వెనక్కి జరగండి. డంబెల్స్ తొడల మీదుగా జారి మోకాలి కిందికి రాగానే ఆగి, లేవండి. తొడల వెనక భాగం లాగుతున్నట్టు అనిపిస్తే సరిగ్గా చేస్తున్నట్టే. నడుములో లాగుతుంటే రెండు కారణాలు ఉంటాయి: వీపు గూనిలా వంగి ఉంటుంది, లేదా డంబెల్స్ కాళ్లకు దూరంగా గాల్లో వేలాడుతుంటాయి. గోడ తేలిగ్గా అందుతోందంటే ఇంకో రెండంగుళాలు ముందుకు జరగండి.

మూడోది ఒక చేయి మంచం మీద ఆనించి, ముందుకు వంగి, రెండో చేత్తో డంబెల్‌ని పైకి లాగడం. మోచేయి భుజం వైపు కాదు, జేబు వైపు వెళ్లాలి. నాలుగోది వంటగది గట్టు మీద చేతులు పెట్టి తీసే దండీలు. గట్టు తడిగా లేకుండా చూసుకోండి. ఐదోది కుర్చీలో కూర్చుని రెండు డంబెల్స్‌నీ భుజాల దగ్గర నుంచి తల పైకి ఎత్తడం.

ఒక్కోటీ 8 నుంచి 12 సార్లు చేస్తే ఒక సెట్. మొదటి వారం ఒక్కో సెట్‌తో ఆపండి. రెండో వారం రెండేసి సెట్లు, మధ్యలో నిమిషంన్నర విరామం. ఎత్తేటప్పుడు ఒక సెకను, దించేటప్పుడు మూడు సెకన్లు పట్టాలి. డంబెల్‌ని దభీమని వదిలేస్తే సగం వ్యాయామం పోయినట్టే.

ఇక అసలు సంగతి. సెట్ ముగిసేసరికి ‘ఇంకో రెండు మూడు చేయగలను, అంతకుమించి కష్టం’ అనిపించాలి. ‘ఇంకో ఇరవై చేస్తాను’ అనిపిస్తే ఆ బరువు మీకు చాలదు. మీ 2 కిలోలు భుజాలకు కొన్నాళ్లు సరిపోతాయి. కాళ్లకు మాత్రం రెండు వారాల్లోనే తేలిపోతాయి. రోజంతా మీ ఒంటి బరువు మోసే కాళ్లకు 2 కిలోలు ఒక లెక్కా! అప్పుడు 5 కిలోల బియ్యం సంచిని గుండెలకు హత్తుకుని కుర్చీ స్క్వాట్ చేయండి. అన్ని వ్యాయామాలకూ ఒకే డంబెల్ అనుకోవడం వల్లే చాలామంది ఆరు నెలలు చేసినా మొదలుపెట్టిన చోటే ఉండిపోతారు.

నున్నటి టైల్స్ మీద సాక్సుతో చేయొద్దు, జారతారు. వట్టి కాళ్లయినా, అడుగు చదునుగా ఉన్న బూట్లయినా పరవాలేదు.

ప్రశ్న: హాస్టల్లో స్నేహితుడి డంబెల్స్‌తో తొలిరోజే చేతులకు ఎనిమిది సెట్లు చేశాను. మర్నాటి నుంచి మోచేతులు చాపలేకపోతున్నాను. కండల్లో లాక్టిక్ యాసిడ్ పేరుకుపోయిందని, మళ్లీ చేస్తేనే పోతుందని అంటున్నారు. నిజమేనా?
– విద్యార్థి, వరంగల్

జవాబు: వ్యాయామంలో తయారయ్యే లాక్టేట్ (మీరు లాక్టిక్ యాసిడ్ అంటున్నది ఇదే) గంట, గంటన్నరలో రక్తంలోంచి వెళ్లిపోతుంది. మర్నాడు వచ్చే నొప్పికి అది కారణం కాదు. బరువు దించేటప్పుడు కండరం సాగుతూనే పట్టి ఉంచాలి. అలవాటులేని కండరంలో అప్పుడు సన్నని చిరుగులు పడి, వాపు వస్తుంది. అది 24 నుంచి 72 గంటల మధ్య ఎక్కువగా ఉండి, తర్వాత తగ్గుతుంది. ఈలోగా చేతుల్ని మామూలుగా కదిలించండి, గోరువెచ్చటి నీళ్లతో స్నానం చేయండి. గట్టిగా మర్దనా వద్దు. నొప్పి తగ్గకుండా మళ్లీ బరువులు ఎత్తొద్దు.

ఒక్క విషయం మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. మూత్రం కోలా రంగులోకో, డికాక్షన్ రంగులోకో మారినా, చేతులు బాగా ఉబ్బి బిగుసుకుపోయినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. కండరం బాగా దెబ్బతిని, అందులోని పదార్థాలు రక్తంలో చేరి మూత్రపిండాలను ఇబ్బంది పెడుతున్నాయనడానికి అది గుర్తు. ఎండాకాలంలో, నీళ్లు తాగకుండా, తొలిరోజే అతిగా చేసినవాళ్లలో ఈ ప్రమాదం ఎక్కువ.

వచ్చే వారం చేతులకు రెండు సెట్లే చేయండి. ఇంత నొప్పి మళ్లీ రాదు, కండరం తొందరగానే అలవాటు పడుతుంది. నొప్పి పుడితేనే ఫలితం అనేది జిమ్ గోడల మీది మాట. ఎత్తుతుండగా కీలులో సూదిలా పొడిచే నొప్పి మాత్రం వేరు, అక్కడికి అది ఆపేయాల్సిందే.

ప్రశ్న: వయసు 52. బీపీకి, షుగర్‌కి మాత్రలు వాడుతున్నాను. డంబెల్స్ ఎత్తేటప్పుడు మొహం ఎర్రబడి, తర్వాత లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి. మానేయమంటారా?
– ఉపాధ్యాయుడు, కరీంనగర్

జవాబు: మానేయక్కర్లేదు. బీపీ, షుగర్ రెండింటికీ ఈ వ్యాయామం మంచిదే. కాకపోతే కళ్లు తిరుగుతున్న సంగతి ముందుగా మీ డాక్టరుకు చెప్పండి. మందు మోతాదు చూడాల్సి రావచ్చు.

మొహం ఎర్రబడుతోందంటే బహుశా మీరు ఊపిరి బిగబడుతున్నారు. అలా బిగబట్టి ఎత్తినప్పుడు బీపీ ఒక్కసారిగా ఎగబాకి, వదలగానే పడిపోతుంది. ఎత్తేటప్పుడు వదలాలి, దించేటప్పుడు పీల్చాలి అని గుర్తుపెట్టుకోవడం కష్టమైతే ‘ఒకటి, రెండు, మూడు’ అని బయటికి వినిపించేలా లెక్కపెట్టండి. నోట మాట వస్తోందంటే ఊపిరి ఆగనట్టే. డంబెల్ పిడిని పిసికేస్తున్నట్టు పట్టుకోవద్దు. పడుకుని చేసేవి అయ్యాక ముందు కూర్చుని, అర నిమిషం ఆగి లేవండి. చివర్లో ఐదు నిమిషాలు నెమ్మదిగా నడవండి. మొదలుపెట్టే ముందే బీపీ 180/110 దాటి ఉంటే ఆ రోజు వ్యాయామం లేదు, డాక్టరుతో మాట్లాడటమే.

షుగర్ మాత్రల్లో చక్కెరను మరీ కిందికి దించే గ్లిమిపిరైడ్ లాంటివి ఉన్నా, ఇన్సులిన్ తీసుకుంటున్నా పరగడుపున చేయొద్దు. ముందు గ్లూకోమీటర్‌తో చూసుకోండి. 90 కంటే తక్కువుంటే ఒక చిన్న అరటిపండు తిని మొదలుపెట్టండి. చెమటలు, వణుకు, గుండెదడ వస్తే ఆపి మూడు చెంచాల పంచదార నీళ్లలో కలుపుకుని తాగి, పావుగంట తర్వాత మళ్లీ పరీక్షించుకోండి. వ్యాయామం అయిన కొన్ని గంటలకు కూడా షుగర్ పడిపోవచ్చు, కాబట్టి రాత్రి భోజనం దాటేయొద్దు. షుగర్ వల్ల కంటి వెనక పొర (రెటీనా) దెబ్బతిందని ఎప్పుడైనా చెప్పి ఉంటే కంటి డాక్టరు సరేనన్నాకే బరువులు ముట్టుకోండి. ఛాతీలో నొప్పో, బరువో వచ్చి ఎడమ చేతికో, దవడకో పాకితే అది వ్యాయామం నొప్పి కాదు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ప్రశ్న: 3 కిలోల డంబెల్స్ ఎత్తుతున్నాను. పెళ్లి కావాల్సిన అమ్మాయివి, బరువులు ఎత్తితే చేతులు మగాడిలా అవుతాయని మా అత్తయ్య గొడవ.
– 26 ఏళ్ల యువతి, కాకినాడ

జవాబు: అలా అవ్వాలని ఏళ్ల తరబడి కష్టపడేవాళ్లకే అవ్వడం లేదని అత్తయ్యగారికి చెప్పండి. కండలు పెరగడానికి తోడ్పడే టెస్టోస్టిరాన్ హార్మోన్ మగవాళ్లతో పోలిస్తే ఆడవాళ్లలో చాలా చాలా తక్కువ. కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చారు. మీవి 3 కిలోలు. ఇంకో మాట: చేతులకు చేస్తే చేతుల కొవ్వు, పొట్టకు చేస్తే పొట్ట కొవ్వు కరగదు. ఒక్క చేతులకే కాకుండా ఒళ్లంతటికీ చేయండి.

ప్రశ్న: 3 కిలోల డంబెల్స్‌తో మూడు నెలలుగా చేస్తున్నాను. ఇప్పుడవి తేలిగ్గా ఉన్నాయి. 5 కిలోలవి కొంటే నాలుగుసార్లు కూడా ఎత్తలేకపోతున్నాను. తప్పెక్కడ?
– బ్యాంకు ఉద్యోగి, ఒంగోలు

జవాబు: తప్పేమీ లేదు, లెక్క చూడండి. 3 నుంచి 5కు వెళ్లడమంటే ఒక్కసారిగా మూడింట రెండు వంతులు పెంచడం. తేలిక బరువులతో వచ్చే చిక్కే ఇది. 40 కిలోలు ఎత్తేవాళ్లకు ఇంకో 2 కిలోలు పెంచడం పెద్ద సంగతి కాదు.

అన్ని వ్యాయామాల్లోనూ ఒకేసారి మారకండి. మంచానికి ఆని లాగే వ్యాయామం, స్క్వాట్, తుంటి వంపు వీటికి 5 కిలోలు ఇప్పుడే పట్టొచ్చు. తల పైకి ఎత్తేదానికి మొదటి సెట్ మాత్రం 5 కిలోలతో నాలుగుసార్లు, మిగతా సెట్లు 3 కిలోలతో. వారానికి ఒకటి చొప్పున పెంచుకుంటూ పోతే నాలుగు కాస్తా ఎనిమిది అవుతుంది. చేతులు పక్కలకు చాపి ఎత్తేదైతే నెలల తరబడి 3 కిలోల దగ్గరే ఉన్నా చింతించొద్దు. అక్కడ బరువు భుజానికి దాదాపు రెండడుగుల దూరంలో ఉంటుంది, అంత దూరంలో 3 కిలోలే కొండంత. దానికి బరువు పెంచే బదులు 12 సార్లను 15కు, 20కి పెంచండి. నాలుగు సెకన్లు పట్టేలా దించండి. పైన ఒక సెకను ఆగండి.

ఇంకో దారి, కాళ్లకు కట్టుకునే అరకిలో బరువు పట్టీని మణికట్టుకు చుట్టుకుంటే 3 కాస్తా 3.5 అవుతుంది. రాడ్‌కి ప్లేట్లు ఎక్కించే సెట్ కొనేటప్పుడు అరకిలో ప్లేట్లు ఉన్నది చూసుకుంటే ఈ బాధ తగ్గుతుంది, రెండు చివరలా ఒక్కోటి వేస్తే పెరిగేది కిలోయే. అయితే ఉత్త రాడ్‌ని, నట్లని కూడా కాటా మీద పెట్టి చూసి లెక్కలో కలపండి, చాలామంది ప్లేట్లనే లెక్కపెడతారు. ప్రతి సెట్‌కీ ముందు నట్లు బిగించి చూసుకోండి. పదిసార్లు ఎత్తి దించేసరికి అవి వదులవుతాయి. తల మీదికి ఎత్తినప్పుడు ప్లేటు జారితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. ‘లాగడం – 5 కి. – 10, 9, 8’ అని ఒక్క లైను చాలు. మూడు సెట్లలోనూ 12 వచ్చిన రోజు బరువు పెంచాలి, మళ్లీ 8 నుంచి మొదలు. జ్ఞాపకం మీద ఆధారపడితే మూడు నెలలు అదే 10 దగ్గర తిరుగుతారు.

ప్రశ్న: మా అమ్మకు 67. మోకాళ్లు అరిగాయన్నారు. మేము డల్లాస్‌లో, ఆమె గుంటూరులో. వీడియో కాల్‌లో ఏం చేయించవచ్చు?
– ఒక పాఠకుడు

జవాబు: బరువులు తర్వాత, ముందు ఆమె ఒంటి బరువే డంబెల్. ఎత్తు కుర్చీ నుంచి చేతుల సాయంతో లేచి కూర్చోవడం ఐదుసార్లు, రెండు సెట్లు. సోఫా వద్దు, అందులో దిగబడితే లేవడం కష్టం. కుర్చీ ఎత్తు చాలకపోతే మీద మందపాటి దిండు వేయండి. చేతుల సాయం లేకుండా 10 రాగానే దిండు తీసేయొచ్చు. మోకాలి నొప్పి పదికి మూడు లోపు ఉండి, మర్నాటికి తగ్గిపోతే కొనసాగించవచ్చు. మర్నాడు వాపు వస్తే ముందుసారి చేసినదాంట్లో సగమే చేయించండి. మోకాలి ఎక్స్‌రేలో అరుగుదల కనిపించినంత మాత్రాన కాళ్లను కదపకుండా ఉంచితే తొడ కండరం కరిగి నొప్పి పెరుగుతుంది.

ఎముకల సాంద్రత పరీక్షలో టి-స్కోర్ మైనస్ 2.5, అంతకన్నా తక్కువ వచ్చి ఉంటే, అంటే ఎముకలు గుల్లబారి ఉంటే, వీపు గూనిగా వంచి బరువు ఎత్తడం, నడుము మెలితిప్పడం వద్దు. మొదటి రెండు వారాలు పక్కన ఇంకో మనిషి ఉండగానే చేయించండి. ఫోనులో మీరు చూడగలరు, పట్టుకోలేరు.

ప్రశ్న: ప్రొటీన్ పౌడర్ తప్పదా?
– పలువురు

జవాబు: తప్పనిసరి కాదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ అని చెప్పింది. బరువులు ఎత్తేవాళ్లకు 1.2 నుంచి 1.6 దాకా ఉంటే మేలు. అంటే 60 కిలోల మనిషికి 72 గ్రాములు, ఆపైన. రెండు గుడ్లలో 12, గ్లాసు పాలలో 8, గుప్పెడు వేరుసెనగల్లో 7, ముప్పై గ్రాముల మీల్‌మేకర్‌లో 15 గ్రాములు వస్తాయి. ముప్పై గ్రాముల కందిపప్పులో 6 గ్రాములకు పైనే ఉంటుంది గానీ, అది ముద్దపప్పయితేనే. పప్పుచారులో పప్పు వెతుక్కోవాలి. ఇవేవీ సమకూరని రోజున పౌడర్ ఒక చెంచా వేసుకుంటే తప్పులేదు. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు మాత్రం పౌడరే కాదు, పప్పు పెంచాలన్నా డాక్టర్ని అడిగే పెంచాలి.