మూల ప్లాటుకు రెండింతలు కట్టాలా?

ప్రశ్న: నమస్తే మేడం. తిరుపతిలో మంగళం వైపు మాది మూల ప్లాటు. అప్రూవల్ లేని లేఅవుట్. 2016లో ఇంటి ప్లాన్ తీసుకున్నప్పుడే బెటర్‌మెంట్ చార్జీలు కట్టాను, కానీ వీధి ఇప్పటికీ మట్టిరోడ్డే. ఇప్పుడు కాలనీ సంఘం వాళ్లు సిమెంటు రోడ్డు, కాలువ మనమే వేసుకుందాం అని ఇంటికి 12,000 రూపాయలు అంటున్నారు. మాకు రెండు పక్కలా రోడ్డు ఉందని 24,000 అడుగుతున్నారు. కట్టకపోతే ఇంటి పన్నులో కలిపించి వసూలు చేయిస్తామని ఒకాయన బెదిరించినాడు. అమెరికాలో, మిన్నెసోటాలో ఇల్లు కొన్న మా అమ్మాయికి కూడా రోడ్డు ఖర్చు కట్టమని సిటీ నుంచి లెటర్ వచ్చిందట. అక్కడా ఇక్కడా పద్ధతి ఒకటేనా?
— ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: ముందు ఇంటి పన్ను గురించి టెన్షన్ వదిలేయండి. కాలనీ సంఘం అడిగే డబ్బు చందా, అంతే. దాన్ని మీ పన్నులో కలిపే అధికారం సంఘానికి లేదు, పన్ను వేసేది కార్పొరేషన్ ఒక్కటే. మళ్లీ ఎవరైనా అలా అంటే ఏ చట్టం కింద అంటున్నారో కాగితం మీద రాసిమ్మని అడగండి.

ఇక మీరు కట్టిన బెటర్‌మెంట్ చార్జీల సంగతి. అప్రూవల్ లేని లేఅవుట్‌లో రోడ్లు, కాలువలు, వీధి లైట్లు వేయాల్సిన రియల్టరు వేయకుండా ప్లాట్లు అమ్మేసి పోతాడు కాబట్టి, ఆ ఖర్చులో కొంత ప్లాన్ ఇచ్చేటప్పుడు ఇల్లు కట్టుకునేవాళ్ల దగ్గర తీసుకుంటారు. అంటే రోడ్డు పేరు మీద మీరు ఒకసారి కట్టేశారు. ఆ రసీదు వెతికి తీయండి. మీ వీధిలో ఎంతమంది కట్టారో అందరి రసీదుల జిరాక్సులు కలిపి, వార్డు సచివాలయంలో ఒక అర్జీ, కమిషనర్ గారికి ఒక అర్జీ ఇవ్వండి. మా వీధి నుంచి ఎంత వసూలైంది, దేనికి ఖర్చు పెట్టారు అని సమాచార హక్కు కింద 10 రూపాయల ఫీజుతో అడగొచ్చు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఒక్కరు పోయి అడిగినదానికీ ముప్పై ఇళ్లవాళ్లు సంతకాలు పెట్టి అడిగినదానికీ చాలా తేడా ఉంటుందండీ.

ఇంకో విషయం చాలామందికి తెలీదు. 2021-22 నుంచి మన రాష్ట్రంలో ఇంటి పన్నును అద్దె విలువ మీద కాకుండా ఆస్తి మూలధన విలువ (అంటే స్థలం, కట్టడం రేటు) మీద లెక్కిస్తున్నారు, ఏడాదికి 15 శాతానికి మించి పెంచకూడదని పరిమితి పెట్టారు. రోడ్డు వచ్చి స్థలం రేటు పెరిగితే పన్ను కూడా మెల్లగా పెరుగుతుంది. అందుకే సొంత డబ్బుతో రోడ్డు వేసుకునే ముందు కార్పొరేషన్‌ను గట్టిగా అడగడమే న్యాయం అంటాను.

అయినా వానాకాలంలో పిల్లలు ఆ బురదలో నడవలేకపోతున్నారు, ఆగలేం అనుకుంటే వేసుకోండి, తప్పేం లేదు. జన్మభూమి రోజుల్లో జనం తమ వాటా కట్టి ఎన్నో వీధులు వేయించుకున్నారు. కానీ కార్పొరేషన్ ఇంజనీర్ల అనుమతి లేకుండా పని మొదలుపెట్టొద్దు. నీళ్ల పైపులు, డ్రైనేజీ పైపులు ముందే వేయించాలి, లేకపోతే కొత్త రోడ్డును ఆర్నెల్లకే పగలగొడతారు. రోడ్డు ఎత్తు మీ గడప కన్నా కిందే ఉండేలా చూసుకోండి, ఇది మరిచిపోయి వాన నీళ్లు ఇంట్లోకి తెచ్చుకున్నవాళ్లను నేను చాలామందిని చూశాను. డబ్బు చేతికి ఇవ్వకుండా సంఘం బ్యాంకు ఖాతాలో వేసి రసీదు తీసుకోండి.

మూల ప్లాటుకు రెండింతలు అనేది నాకు న్యాయంగా అనిపించలేదు. మీ ఇంటికి ఉండేది ఒకటే డ్రైనేజీ కనెక్షన్, కాబట్టి కాలువకు అందరితో సమానంగా కట్టండి. రోడ్డుకు మాత్రం చిన్న పక్క పూర్తిగా, పెద్ద పక్క సగం లెక్కేయమని అడగండి. అమెరికాలో ఇంటి ముందు రోడ్డు పొడవును అడుగుల లెక్కన కొలిచి ఖర్చు పంచే ఊళ్లలో కూడా మూల ఇళ్లకు ఇలాంటి తగ్గింపు ఇచ్చేవి ఉన్నాయి.

మీ అమ్మాయి విషయం వేరు, అక్కడ వచ్చింది చందా కాదు. రోడ్డు లాంటి పనుల ఖర్చులో ఆ పని వల్ల లాభపడే ఇళ్ల మీద సిటీయే చట్టప్రకారం వేసే వాటా అది, స్పెషల్ అసెస్‌మెంట్ అంటారు. కట్టకపోతే నిజంగానే ఇంటి పన్నుతో పాటు వడ్డీతో వసూలు చేస్తారు. అయితే మిన్నెసోటా చట్టంలో యజమానికి మంచి రక్షణ ఉంది. ఆ పని వల్ల ఇంటి మార్కెట్ విలువ ఎంత పెరుగుతుందో అంతకు మించి వేయకూడదు. ఆ వాటా ఖాయం చేసే ముందు సిటీ కౌన్సిల్ పెట్టే విచారణ సభకు కనీసం రెండు వారాల ముందు పోస్టులో నోటీసు పంపాలి. అమ్మాయికి అభ్యంతరం ఉంటే సంతకం పెట్టిన కాగితం ఆ సభకు ముందే, లేదా ఆ సభలోనే ఇవ్వాలి, ఊరికే నోటితో చెబితే చాలదు. కాగితం ఇచ్చి ఉంటేనే, కౌన్సిల్ ఆమోదించిన 30 రోజుల్లోపు జిల్లా కోర్టుకు పోవచ్చు. కట్టేద్దాం అనుకున్నా ఆమోదించిన 30 రోజుల్లో మొత్తం కట్టేస్తే వడ్డీ పడదు, లేదంటే ఏటా కొంత చొప్పున వాయిదాల్లో కట్టుకోవచ్చు. ఈ రోజే ఫోన్ చేసి లెటర్‌లో సభ తేదీ ఎప్పుడుందో చూడమనండి.