ఆ కాఫీ మీ అబ్బాయి పెట్టుకుంటాడు

ప్రశ్న: విశాఖలో ప్రభుత్వ హైస్కూల్ టీచర్‌ని. వచ్చే జూన్ నెలాఖరుకి 62 నిండి రిటైరవుతున్నాను. షుగర్ ఉంది, రోజూ నడవమన్నారు డాక్టరు గారు. సంక్రాంతికి మొదలుపెడితే శివరాత్రికి మానేశాను. ఇలా మూడోసారి. కొన్న బూట్లు అట్టపెట్టెలోనే ఉన్నాయి. కోడలు ఉద్యోగానికి వెళ్తుంది, వంటింట్లోకి రాదు. అబ్బాయికి లేవగానే కాఫీ అందకపోతే రోజంతా చిరాకే. రిటైరయ్యాక మనవణ్ణి నేనే చూసుకుంటానని ఇప్పుడే ఆయాను మాన్పించాడు. వ్యాయామం మీద శ్రద్ధ నిలవాలంటే ఏం చేయాలి?

జవాబు: అమ్మా, శ్రద్ధ మాట వదిలేయండి. ఇన్నేళ్లూ ఫస్ట్ బెల్ కొట్టకముందే స్కూల్లో ఉన్న మనిషికి నేను క్రమశిక్షణ నేర్పక్కర్లేదు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కోడలు వంటింట్లోకి రాదని రాశారు. మరి అబ్బాయి వస్తున్నాడా? ఆ మాట మీకు రాయాలనే తోచలేదు. ఆయాను మాన్పించే ముందు మిమ్మల్ని ఒక్క మాట అడిగాడా? పిల్లవాడికి నాయనమ్మ ఉండటం అదృష్టమే, కాదనను. కానీ మీ రిటైర్మెంటు రోజులు ఎలా గడవాలో వాడు తేల్చేశాడు, మీరు తలూపారు. ఇక పొద్దున్నే బూట్లు వేసుకుంటుంటే తప్పు చేస్తున్నట్టు అనిపించదూ? కొడుకు చిరాకుకి భయపడుతూ బతకడం తల్లి ధర్మమని నేను ఒప్పుకోను.

ఇంకొకటి. స్కూల్లో రోజంతా నిలబడతారు, మెట్లెక్కుతారు. జూన్ తర్వాత అదీ ఉండదు. అందుకే అప్పుడు మొదలుపెడదాం అనుకోకండి. వారానికి 150 నిమిషాలు కాస్త వడిగా నడవమంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. అంటే అరగంట చొప్పున ఐదు రోజులు. మీ ఊళ్లో పొద్దున్నే బీచ్ రోడ్డులో బళ్లు ఆపి నడిచేవాళ్లకి వదిలేస్తారు, ఎంతమందికి దక్కుతుంది ఆ భాగ్యం! మొదటి వారం కాళీమాత గుడి నుంచి సబ్‌మెరైన్ మ్యూజియం దాకా వెళ్లి రండి, చాలు. తోటి టీచరమ్మ ఎవరినైనా గుడి దగ్గరికి రమ్మనండి. ఒకరు ఎదురుచూస్తున్నారంటే మీరు ఆగలేరు, మీ స్వభావం అది. పరగడుపున మాత్రలు వేసుకుని నడవచ్చో లేదో డాక్టరు గారిని అడగండి, దారిలో షుగర్ పడిపోతే నోట్లో వేసుకోవడానికి పర్సులో నాలుగు గ్లూకోజ్ బిళ్లలు ఉంచుకోండి.

ఆయా సంగతి ఈ ఆదివారమే, కోడలు కూడా ఉండగా మాట్లాడండి. రిటైరయ్యాక మధ్యాహ్నం నుంచి పిల్లవాణ్ణి చూస్తాను, పొద్దున పూట మనిషిని పెట్టుకోండి అని చెప్పండి. కోపంగా వద్దు, క్లాసులో పాఠం చెప్పినట్టే చెప్పండి. ఆ రాత్రి పడుకోబోయే ముందు అబ్బాయితో ఇంకో మాట: "నాన్నా, రేపు ఐదున్నరకి వెళ్లి ఏడింటికి వస్తాను. డికాక్షన్ వేసి ఉంచుతాను, పాలు నువ్వు కాచుకో. నాకూ ఒక గ్లాసు ఉంచు, పంచదార లేకుండా."