లోకల్ కంటెంట్ కోటా పెడితే మన సినిమాలు నిజంగా పెరుగుతాయా?

మీరడిగింది స్ట్రీమింగ్ సర్వీసుల కేటలాగ్‌లో ఇంత శాతం లోకల్ కంటెంట్ ఉండాలని చట్టం పెడితే లోకల్‌గా సినిమాలు తీసేవాళ్లకి లాభమా అని. శాతం ఒక్కదానితో పెద్దగా ఒరిగేదేం లేదండీ, ఖర్చు పెట్టాలనే రూల్ కూడా ఉండాలి.

నేను కొన్నేళ్లు ఒక స్ట్రీమింగ్ కంపెనీలో కేటలాగ్ డేటా పని చేశా, అంటే ఏ టైటిల్ ఏ దేశానిది, ఏ సంవత్సరంది, సబ్‌టైటిల్స్ ఉన్నాయా అని ఎక్కించే పని. యూరోపియన్ యూనియన్ 2018లో మార్చిన రూల్ ప్రకారం కేటలాగ్‌లో కనీసం 30 శాతం యూరప్‌వి ఉండాలి, అవి జనానికి కనబడేలా కూడా పెట్టాలి. చిన్న సర్వీసులకి మినహాయింపు ఉంది. అయితే లెక్క నిమిషాల్లో కాదు, టైటిల్స్‌లో, ఒక సినిమా ఒకటి, సిరీస్‌లో ఒక సీజన్ ఒకటి. దాంతో ఏమవుతుందంటే బోలెడు డబ్బు పోసి తీసిన కొత్త సీజనూ, ఎప్పుడో తీసిన డెబ్బై నిమిషాల పాత సినిమా కూడా లెక్కలో సమానమే. ఇక కొత్తది తీయడం ఎందుకు, పాతవి చవగ్గా గంపగుత్తగా కొనేస్తే శాతం నిండిపోతుంది. అలా వచ్చిన పాత సినిమాలు నా చేతిమీదుగానే ఎక్కాయి, చాలావాటికి సరైన పోస్టర్ లేదు, కథ గురించి రెండు లైన్లు కూడా లేవు, అవి లేకపోతే సినిమా సెర్చ్‌లోనూ సరిగ్గా రాదు, రికమెండేషన్లోనూ సరిగ్గా రాదు. ఎవరూ చూడరు కానీ లెక్కలో మాత్రం ఉంటుంది. ఎంతో కష్టపడి తీసిన సినిమాలు అట్లా పడుండటం చూస్తే నాకు చాలా బాధేసేది.

అందుకే ఖర్చు రూల్ అంటున్నా. ఫ్రాన్స్ 2021లో తెచ్చిన డిక్రీ, అంటే ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం పెద్ద సర్వీసులు అక్కడ వచ్చే ఆదాయంలో 20 నుంచి 25 శాతం యూరోపియన్, ఫ్రెంచ్ నిర్మాణాల మీద పెట్టాలి, అందులో పెద్ద భాగం ఇండిపెండెంట్ ప్రొడ్యూసర్లకే వెళ్లాలి. స్విట్జర్లాండ్‌లో అయితే 2022లో ఏకంగా జనం ఓటేసి అక్కడి ఆదాయంలో 4 శాతం అక్కడి సినిమాల మీద పెట్టాలన్న చట్టానికి ఓకే చెప్పారు. ఇలా ఉంటే కొత్తగా షూటింగ్ జరుగుతుంది, టెక్నీషియన్లకి పని దొరుకుతుంది.

కనబడేలా పెట్టాలన్న రూల్ మంచిదే గానీ చెక్ చేయడం చాలా కష్టం, హోమ్ స్క్రీన్ ఒక్కో యూజర్‌కి ఒక్కోలా ఉంటుంది కదా, ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్లు ఎవరి స్క్రీన్ చూస్తారు?

మీ దగ్గర ప్రభుత్వం అభిప్రాయాలు అడుగుతుంటే శాతం ఎంతుండాలి అనేదాని కన్నా, ఆ లెక్కలో కొత్తగా తీసినవి ఎన్ని ఉండాలి, కొన్నేళ్ల తర్వాత హక్కులు ప్రొడ్యూసర్‌కి తిరిగొస్తాయా, లోకల్ టైటిల్స్‌ని ఎన్ని గంటలు చూశారో కంపెనీ ఏటా చెప్పాలా, ఈ మూడూ గట్టిగా అడగండి.